ఇంటిపై సోలార్ ఉన్నా తుఫాను రోజు చీకటేనా? చీరాల లాంటి తీర పట్టణాలకు నిజంగా కావాల్సిన సెటప్ ఇదీ

డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెల్స్ పెట్టించారు. కరెంటు బిల్లు బాగా తగ్గింది. యాప్ ఓపెన్ చేస్తే ఇవాళ ఎన్ని యూనిట్లు వచ్చాయో గ్రాఫ్ కూడా కనిపిస్తోంది. అంతా బాగుంది. కానీ తుఫాను వచ్చి వీధి మొత్తం కరెంటు పోయిందనుకోండి, మీ ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుందా?

చాలా ఇళ్లలో తిరగదు. వాన వెలిసి, పైన ఎండ కాస్తున్నా సరే, తిరగదు.

ఈ విషయం చాలామందికి సోలార్ పెట్టించుకున్నాక, మొదటిసారి కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. అందుకే ఈసారి ఏ ప్యానెల్ బెస్ట్, ఏ ఇన్వర్టర్ చీప్ అనే పోలిక పక్కన పెట్టి, సోలార్ అనేది తుఫాను రోజు కూడా పనికి రావాలంటే ఇంట్లో ఏం ఉండాలి, వీధిలో ఏం ఉండాలి, ప్రభుత్వ స్కీముల్లో ఏం ఉంది, ఏం లేదు అన్నది చూద్దాం. ఉదాహరణకి చీరాలని తీసుకుందాం.

చీరాలే ఎందుకు?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీవ్ర తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అంటే చీరాలకు పక్కనే. గాలులు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కో విసురు 110 దాకా. చేతికొచ్చిన వరి, మిర్చి, పత్తి నీట మునిగాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా జిల్లాలన్నీ మళ్లీ అలర్ట్‌లోకి వెళ్లాయి. పెద్దవాళ్లని అడిగితే 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి ఇప్పటికీ చెప్తారు.

తుఫాన్లు మనకి కొత్త కాదు. కానీ బంగాళాఖాతం వేడెక్కే కొద్దీ వాటికి దొరికే తేమ, శక్తి పెరుగుతాయి. తక్కువ టైమ్‌లో ఎక్కువ వాన కురవడం, తీరానికి వచ్చే ముందే తుఫాను వేగంగా బలపడటం లాంటి రిస్కులు పెరుగుతున్నాయని వాతావరణ శాస్త్రవేత్తలు చెబుతున్నది ఇందుకే.

చీరాలకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది నేత పట్టణం. చుట్టుపక్కల జాండ్రపేట, వేటపాలెం వైపు వేల చేతులు మగ్గం మీదే ఆధారపడి ఉన్నాయి. గుంట మగ్గానికి కరెంటు అక్కర్లేదు కదా అనిపించొచ్చు. కానీ మగ్గం గది చీకటిగా ఉంటే నేత సాగదు. కండెలు చుట్టే చిన్న మోటార్ ఆగితే పేక రాదు. గుంటలోకి నీరు చేరితే తోడడానికి మోటార్ కావాలి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో మూడు రోజులు కరెంటు లేకపోతే అది మూడు రోజుల ఇబ్బంది మాత్రమే కాదు, మూడు రోజుల ఆదాయం పోవడం.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగిపోతుంది?

ఇది డిఫెక్ట్ కాదు, సేఫ్టీ ఫీచర్. పేరు యాంటీ-ఐలాండింగ్.

మామూలు ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజ్‌నీ ఫ్రీక్వెన్సీనీ చూసి, దానికి తగ్గట్టు తన అవుట్‌పుట్‌ని మ్యాచ్ చేస్తుంది. గ్రిడ్ పోతే దానికి ఫాలో అవ్వడానికి ఏమీ ఉండదు. పైగా లైన్ ఆఫ్‌లో ఉందనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కితే, మీ ఇంటి నుంచి వెళ్లే కరెంటు అతని ప్రాణం తీయొచ్చు. అందుకే గ్రిడ్ పోయిన 2 సెకన్లలోపే సిస్టమ్ ఆగిపోవాలని మన దేశంలో రూల్ ఉంది. ఇది ఉండాల్సిన రూలే. దీన్ని బైపాస్ చేసి ఇస్తామని ఎవరైనా అంటే ఆ మనిషితో పని చేయించుకోకండి.

మరి దారేంటి? మార్కెట్‌లో మూడు రకాల సెటప్‌లు ఉన్నాయి.

- ఆన్-గ్రిడ్: బ్యాటరీ ఉండదు. ఖర్చు తక్కువ. మిగిలిన యూనిట్లు నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌లోకి వెళ్తాయి. గ్రిడ్ పోతే ఇదీ ఆఫ్.
- ఆఫ్-గ్రిడ్: ప్యానెల్, బ్యాటరీ, ఇన్వర్టర్ మాత్రమే. గ్రిడ్‌తో సంబంధం లేదు. కానీ బ్యాటరీ నిండాక వచ్చే కరెంటు వృథా.
- హైబ్రిడ్: మామూలు రోజుల్లో ఆన్-గ్రిడ్‌లా పనిచేస్తుంది. గ్రిడ్ పోగానే వీధి లైన్ నుంచి తనని తాను కట్ చేసుకుని, ఇంట్లో బ్యాకప్ పోర్ట్‌కి కలిపిన లోడ్‌కి మాత్రం కరెంటు ఇస్తుంది. లైన్‌మన్ సేఫ్, మీ ఫ్యాన్ కూడా సేఫ్.

తీరప్రాంతానికి మా సలహా మూడోదే. బడ్జెట్ ఇప్పుడు సరిపోకపోతే, కనీసం తర్వాత బ్యాటరీ కలుపుకోగల హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి. వైరింగ్ చేయించేటప్పుడే బ్యాకప్ లోడ్‌కి విడిగా చిన్న డిస్ట్రిబ్యూషన్ బాక్స్ పెట్టించండి. తర్వాత గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

ఎంత బ్యాటరీ చాలు?

ఇక్కడే ఎక్కువమంది భయపడతారు. ఇంటి మొత్తం లోడ్‌కి బ్యాటరీ అంటే లక్షలు అవుతుందని ఆగిపోతారు. నిజానికి తుఫాను రోజు ఏసీ, గీజర్, వాషింగ్ మెషీన్ ఎవరికీ అక్కర్లేదు. అక్కరకొచ్చేవి మాత్రం లెక్కేద్దాం.

- 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు 2, రోజుకి 10 గంటలు: 600 వాట్ అవర్
- 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 3, 6 గంటలు: 162 వాట్ అవర్
- 10 వాట్ల వైఫై రూటర్, 24 గంటలు: 240 వాట్ అవర్
- ఫోన్లు 4, ఒక్కో ఫుల్ ఛార్జ్: సుమారు 100 వాట్ అవర్

మొత్తం 1,102 వాట్ అవర్. అంటే దాదాపు 1.1 యూనిట్. పాత 75 వాట్ల ఫ్యాన్లే ఉంటే ఆ ఒక్క లైనే 1,500 అవుతుంది. అందుకే బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్ మార్చడం తెలివైన పని.

స్పెక్ షీట్‌లో ఎవరూ చూడని ఇంకో లైన్ ఉంది: ఇన్వర్టర్ సొంత వాడకం. ఏ లోడూ లేకపోయినా అది 30 వాట్లు తింటుందనుకుంటే, రోజుకి 720 వాట్ అవర్. మన ఫ్యాన్ల కంటే ఎక్కువే! కాబట్టి కొనేటప్పుడు నో-లోడ్ వాడకం ఎంత అని తప్పకుండా అడగండి.

రెండూ కలిపితే రోజుకి 1.8 యూనిట్లు. 51.2 వోల్ట్, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 5.12 యూనిట్లు. అందులో 90 శాతం వాడుకున్నా, ఎండ అస్సలు రాకపోయినా రెండున్నర రోజులు గడుస్తుంది. ఇక 3 కిలోవాట్ల ప్యానెల్స్ మన దగ్గర మామూలు రోజుల్లో సగటున 12 యూనిట్ల దాకా ఇస్తాయి. దట్టమైన మబ్బులో అది పదో వంతుకి పడిపోయినా 1.2 యూనిట్లు వస్తాయి. అంటే సగం సైజు బ్యాటరీతో కూడా జాగ్రత్తగా వాడుకుంటే మూడు, నాలుగు రోజులు నెట్టుకురావచ్చు.

లెడ్-యాసిడ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఇప్పటికే ఉందా? పారేయక్కర్లేదు. 12 వోల్ట్, 150 ఆంపియర్ అవర్ అంటే పేపర్ మీద 1.8 యూనిట్లు. కానీ ఎక్కువ కాలం మన్నాలంటే సగం వరకే వాడాలి. అంటే చేతికొచ్చేది 0.9. లైట్లు, ఫోన్లు, ఒక ఫ్యాన్‌కి ఒక రాత్రికి చాలు.

గాలి, ఉప్పు: ప్యానెల్ బ్రాండ్ కంటే స్ట్రక్చరే ముఖ్యం

సోలార్ కొనేటప్పుడు అందరూ ప్యానెల్ ఎఫిషియెన్సీ గురించి మాట్లాడతారు. తీరంలో అసలు చూడాల్సింది దాని కింద ఉండే ఇనుము.

గాలి ఒత్తిడికి ఇంజినీర్లు వాడే సింపుల్ ఫార్ములా ఉంది. సెకనుకి మీటర్లలో వేగాన్ని స్క్వేర్ చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటర్‌కి పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మిచౌంగ్ టైమ్‌లో నమోదైన 110 కిలోమీటర్ల విసురు అంటే సెకనుకి సుమారు 30.5 మీటర్లు. ఒత్తిడి 560 న్యూటన్లు. ఇప్పుడు దొరికే 550 వాట్ల ప్యానెల్ ఒక్కోటి దాదాపు 2.6 చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఒక్క ప్యానెల్ మీద సుమారు 150 కిలోల బరువంత తోపుడు.

ఇప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చూద్దాం. విజయవాడ, విశాఖలకు అది చెప్పే బేసిక్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అదే ఫార్ములాలో వేస్తే 1,500 న్యూటన్లు. ఒక్క ప్యానెల్‌కి దాదాపు 400 కిలోలు! ఆరు ప్యానెల్స్ ఉంటే రెండు టన్నుల పైమాటే. డాబా అంచు, ఎత్తు, వాలు బట్టి ఇది ఇంకా మారుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. మిచౌంగ్‌కి తట్టుకుంది కదా, ఇంక దేనికైనా తట్టుకుంటుంది అనుకోవడం కరెక్ట్ కాదు.

ఇన్‌స్టాలర్‌ని అడగాల్సినవి:

- స్ట్రక్చర్ ఎంత గాలి వేగానికి డిజైన్ చేశారు? ఇంజినీర్ సంతకంతో కాగితం ఇస్తారా?
- హాట్-డిప్ గాల్వనైజ్డ్ స్టీలా, మామూలు స్టీల్‌కి సిల్వర్ పెయింటా? రెండోదైతే ఉప్పు గాలికి తుప్పు ఖాయం.
- నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వేనా?
- ప్యానెల్‌కి ఐఈసీ 61701 సాల్ట్ మిస్ట్ సర్టిఫికెట్ ఉందా?
- బయట గోడకి బిగించే ఇన్వర్టర్‌కి ఐపీ65 లేదా ఐపీ66 రేటింగ్ ఉందా? వరద నీరు చేరే ఎత్తు కంటే పైన బిగిస్తారా?
- స్ట్రక్చర్ కాళ్లు స్లాబ్‌కి యాంకర్ చేశారా, ఊరికే సిమెంట్ దిమ్మల మీద నిలబెట్టారా?

కింద మంచం వేసుకోవచ్చని ఎనిమిది, పది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయించుకోవడం ఇప్పుడు ట్రెండ్. వాడరేవు లాంటి సముద్రం ఒడ్డున, సరైన డిజైన్ లేకుండా అలా వేయిస్తే అది తెరచాప కట్టినట్టే.

ఇంకో హెచ్చరిక. తుఫాను తర్వాత విరిగి పడిన ప్యానెల్‌ని తాకొద్దు. గ్రిడ్ ఆఫ్‌లో ఉన్నా, వెలుతురు ఉన్నంతసేపు ప్యానెల్ నుంచి డీసీ కరెంటు వస్తూనే ఉంటుంది. వందల వోల్టులు ఉంటాయి.

ఫోన్‌లో ఛార్జ్ ఉంది, సిగ్నల్ ఏది?

ఇంట్లో బ్యాకప్ ఎంత ఉన్నా టవర్ చనిపోతే ఫోన్ టార్చ్ లైట్‌గానే మిగులుతుంది. టవర్లకి బ్యాటరీ కొన్ని గంటలే. ఆ తర్వాత డీజిల్ జనరేటర్ నడవాలి. రోడ్ల మీద చెట్లు పడితే డీజిల్ వెళ్లదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖ లాంటి పెద్ద నగరమే కరెంటు, ఫోన్లు లేక రోజుల తరబడి ఇబ్బంది పడింది.

ఫోన్‌లో ముందే చేసుకోవాల్సినవి మూడు:

- సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. 2023లో అందరి ఫోన్లూ ఒక్కసారి గట్టిగా మోగిన టెస్ట్ మెసేజ్ గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. నెట్‌వర్క్ రద్దీగా ఉన్నా, డేటా లేకపోయినా ఆ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది.
- జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ వేసుకోండి. అలర్ట్‌లు తెలుగులోనూ చూడొచ్చు.
- నెట్‌వర్క్ సెలెక్షన్‌ని ఆటోమేటిక్‌లో ఉంచండి. పెద్ద విపత్తు వచ్చినప్పుడు టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఆన్ చేయిస్తుంది. 2023 జూన్‌లో గుజరాత్‌లో బిపర్‌జాయ్ వచ్చినప్పుడు అలాగే చేశారు. అప్పుడు మీ కంపెనీ టవర్ పడిపోయినా వేరే కంపెనీ టవర్ మీద కాల్ వెళ్తుంది.

పవర్ బ్యాంక్ లెక్క కూడా చెప్పేద్దాం. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్ట్ దగ్గర 74 వాట్ అవర్. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి దాదాపు 19 కావాలి. నష్టాలు పోను రెండున్నర నుంచి మూడు ఛార్జ్‌లు వస్తాయి, నాలుగు కాదు.

డాబా లేని ఇంటి సంగతేంటి?

ఇప్పటిదాకా చెప్పిందంతా సొంత స్లాబ్ ఇల్లు ఉన్నవాళ్లకే. మగ్గం రేకుల షెడ్డులో ఉంటే? అద్దె ఇల్లైతే? వాడరేవులో పాకలో ఉండే మత్స్యకారుడైతే? తుఫాను ముందుగా కొట్టేది వీళ్లని. సోలార్ సబ్సిడీ చివరగా చేరేదీ వీళ్లకే. ఊరంతా నిలబడాలంటే ఇంటింటి సెటప్ సరిపోదని అర్థమయ్యేది ఇక్కడే.

ప్యూర్టో రికోలో ఏం జరిగిందో చూడండి. 2017 సెప్టెంబర్ 20న హరికేన్ మరియా ద్వీపం మొత్తం గ్రిడ్‌ని కూల్చేసింది. కొన్ని ఊళ్లకి నెలల తరబడి కరెంటు రాలేదు. అడ్జుంటాస్ అనే కొండ పట్టణంలో కాసా పుయెబ్లో అనే స్థానిక సంస్థ భవనానికి మాత్రం అప్పటికే సోలార్, బ్యాటరీ ఉన్నాయి. జనం అక్కడికి వచ్చి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు, వైద్య పరికరాలు నడుపుకున్నారు. ఆ అనుభవంతో ఊరి మధ్యలో దుకాణాలని కలిపి 2023 మార్చిలో సొంత మైక్రోగ్రిడ్ మొదలుపెట్టారు.

మన దగ్గర అలాంటి భవనాలు లేవా? ఉన్నాయి. ప్రపంచ బ్యాంక్ సాయంతో నడిచిన జాతీయ తుఫాను ముప్పు నివారణ ప్రాజెక్టు మొదటి దశలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాల్లో తుఫాను షెల్టర్లు కట్టారు. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, చేనేత సొసైటీ భవనాలు ఎలాగూ ఉన్నాయి. వార్డుకి ఒక్క భవనంపై 5 కిలోవాట్ల సోలార్, 10 యూనిట్ల బ్యాటరీ ఉన్నాయనుకోండి. ఫోన్ ఒక్కోదానికి 25 వాట్ అవర్ చొప్పున, ఫుల్ బ్యాటరీతో 400 ఫోన్లు ఛార్జ్ అవుతాయి. లేదా ఇన్సులిన్ దాచుకునే ఫ్రిజ్, ఆస్తమా నెబ్యులైజర్, కొన్ని లైట్లు, కొన్ని ఫోన్లు. ఇంటింటికీ బ్యాటరీ కొనే ఖర్చులో ఇది చిన్న ముక్క.

ఐఎస్ 875 కూడా ఇదే మాట ఇంజినీరింగ్ భాషలో చెప్తుంది. తీరప్రాంతంలో మామూలు ఇంటికి తుఫాను గుణకం 1.0 అయితే, ఆసుపత్రి, షెల్టర్, కమ్యూనికేషన్ టవర్ లాంటి తుఫాను తర్వాత కూడా పనిచేయాల్సిన వాటికి 1.3 తీసుకోమంటుంది. కట్టడానికి పెట్టిన ఆ రూల్, దాని కరెంటుకి కూడా పెట్టాలి కదా!

స్కీముల్లో ఏం ఉంది, ఏం లేదు?

ఉన్నవి:

- 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 1 కిలోవాట్‌కి రూ.30,000, 2 కిలోవాట్లకి రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 సబ్సిడీ. దేశవాళీ సెల్స్‌తో చేసిన ప్యానెల్స్ వాడాలి.
- రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీ ఇళ్లకి 2 కిలోవాట్లకి అదనంగా రూ.20,000 ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.
- అపార్ట్‌మెంట్లు, కాలనీ సంఘాల ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి రూ.18,000.
- జిల్లాకో మోడల్ సోలార్ గ్రామానికి రూ.కోటి.
- చేనేత మగ్గాలకి నెలకి 200 యూనిట్లు, పవర్‌లూమ్స్‌కి 500 యూనిట్లు ఉచితమని రాష్ట్రం 2025లో ప్రకటించింది.

లేనిది ఒక్కటే, కానీ పెద్దది: బ్యాటరీ. సూర్యఘర్‌లో హైబ్రిడ్ పెట్టుకోవచ్చు కానీ సబ్సిడీ లెక్క ప్యానెల్ కెపాసిటీ మీదే, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. దాంతో కొనేవాళ్లు సహజంగానే బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ వైపు వెళ్తారు. బిల్లు తగ్గుతుంది, కార్బన్ తగ్గుతుంది, తుఫాను రోజు మాత్రం పాత కథే. 200 యూనిట్ల ఉచితం నేతన్నకి నిజంగా మేలే. కానీ లైన్ తెగిన రోజు ఉచిత యూనిట్ కూడా రాదు.

రాష్ట్రం 2024 అక్టోబర్‌లో తెచ్చిన సమీకృత క్లీన్ ఎనర్జీ పాలసీలో అంకెలు భారీగానే ఉన్నాయి: 78.5 గిగావాట్ల సోలార్, 35 గిగావాట్ల విండ్, 25 గిగావాట్ అవర్ బ్యాటరీ స్టోరేజ్. ఇవన్నీ కావాల్సినవే. అయితే ఆ స్టోరేజ్ ఎక్కడో సబ్‌స్టేషన్ పక్కన ఉంటే, మధ్యలో స్తంభాలు కూలిన రోజు చీరాలకి అందదు. 25 గిగావాట్ అవర్ అంటే రెండున్నర కోట్ల యూనిట్లు. అందులో వెయ్యో వంతు, అంటే 25,000 యూనిట్లు తీరంలోని షెల్టర్లకి, సచివాలయాలకి కేటాయిస్తే, ఒక్కోదానికి 10 చొప్పున 2,500 భవనాలకి సరిపోతుంది.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంక్ సాయంతో కరెంటు లైన్లని భూమిలోకి దించారు. అది మంచి పనే. కానీ ఖరీదైన పని, ప్రతి ఊరికీ వచ్చేదాకా టైమ్ పడుతుంది. ఆలోగా వార్డుకో బ్యాటరీ పెట్టడం చాలా చవక.

మీరు ఏం చేయొచ్చు?

1921లో మున్సిపాలిటీ పన్నుల మీద పోరాటంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఊరే ఖాళీ చేసి రామ్‌నగర్‌లో కాపురం పెట్టిన చరిత్ర చీరాల-పేరాలది. ఇప్పుడు అంత పెద్ద త్యాగం అక్కర్లేదు. ఒక ఆదివారం చాలు.

- మీ వార్డు సచివాలయం, దగ్గర్లోని షెల్టర్, బడికి వెళ్లి చూడండి. సోలార్ ఉందా? ఉంటే బ్యాటరీ ఉందా? మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తే లైట్ వెలుగుతుందా? ఫోటోలతో లిస్ట్ తయారు చేయండి.
- ఆ లిస్ట్‌ని మున్సిపల్ కమిషనర్‌కి, ఏపీసీపీడీసీఎల్ ఆఫీసుకి, జిల్లా కలెక్టర్ గ్రీవెన్స్‌కి ఇవ్వండి. "సోలార్ పెట్టండి" అని కాదు, "గ్రిడ్ లేనప్పుడు పనిచేసే సోలార్ పెట్టండి" అని రాయండి.
- వీధిలో హైబ్రిడ్ సెటప్ ఉన్నవాళ్లు తుఫాను టైమ్‌లో గేటు దగ్గర ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డ్ పెట్టేలా ముందే మాట్లాడుకోండి. ఇన్సులిన్, ఆక్సిజన్ మెషీన్ అవసరమున్న ఇళ్లు ఏవో కూడా ముందే తెలుసుకోండి.
- ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి: కరెంటు ఫిర్యాదులకి 1912, అత్యవసరానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070.

మా మాట

మీరుండేది లోతట్టు ప్రాంతంలో, కరెంటు కోతలు తక్కువైతే ఆన్-గ్రిడ్ తీసుకోండి, డబ్బు ఆదా. సముద్రానికి దగ్గర్లో ఉంటే 3 కిలోవాట్ల ప్యానెల్స్, హైబ్రిడ్ ఇన్వర్టర్, 2.5 నుంచి 5 యూనిట్ల లిథియం బ్యాటరీ, గాల్వనైజ్డ్ స్ట్రక్చర్. డబ్బు ఎక్కడో ఒక చోట తగ్గించాల్సి వస్తే ప్యానెల్ వాట్లు తగ్గించండి కానీ స్ట్రక్చర్‌లో తగ్గించొద్దు. సొంత డాబా లేకపోతే మీ వార్డు భవనానికి బ్యాటరీ తెప్పించే పని మీద పడండి. అది వస్తే వీధి మొత్తానికి వచ్చినట్టే.

ఇన్‌స్టాలేషన్ పూర్తయిన రోజు ఇన్‌స్టాలర్ వెళ్లిపోకముందే ఒక టెస్ట్ చేయించండి: ఆయన చేతే మెయిన్ స్విచ్ ఆఫ్ చేయించండి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటేనే చివరి పేమెంట్ ఇవ్వండి.